సమస్య: చెక్కు చెదరకుండ ముక్కలాయె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం. విషయం: 2ను 67వ ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చే 14,75,73,95,25,89,67,64,12,927. 1644లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. తర్వాత దీని గతి ఏమైందో పద్యంలో చెప్పండి. యతి ఎక్కడని అడగకముందే చెబుతున్నా: చెక్కు–ముక్క, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి.

గోదారిగట్టు:
కోలు బోర్డుమీద గుణకారమే చేసె
నోరు విప్పలేదు, నుడువలేదు
మేటి సంఖ్య యటులె మిగిలె, రెండుగ జీలె
చెక్కు చెదరకుండ ముక్కలాయె

1903 అక్టోబరు, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభ. ఫ్రాంక్ నెల్సన్ కోల్ బోర్డుకు ఒకవైపు ఆ సంఖ్య లెక్కకట్టి, రెండోవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడు. రెండూ ఒకటే! ఒక్క మాటా అనకుండా వెళ్ళి కూర్చున్నాడంటారు.

శేషం సున్న: కో–గు యతి హాయిగా ఉంది. రెండో పాదమే తేలిపోయింది, నోరు విప్పనివాడు నుడువడు కదండీ. "నోరు విప్పకుండ నుగ్గుచేసె" అంటే?

గోదారిగట్టు: నుగ్గంటే పొడి. ఇక్కడ ముక్కలు రెండే. ఒప్పుకోను.

శేషం సున్న: సరే, నాది.
లూకసు గణితమున లోతులం జూచెను
భాగమెరుగకుండ పలికె తీర్పు
కత్తి తగులకుండ కాయ కోసినయట్లు
చెక్కు చెదరకుండ ముక్కలాయె

నిర్వాహకుడు: మూడు పాదాల్లో మూడు "కుండ"లు. సమస్యలోది తప్పదు. మిగతావి "భాజకమ్ము లేక పలికె తీర్పు", "కత్తి తగులనీక" అని మార్చుకోవచ్చు. కానీ అసలు పేచీ అర్థంతో. 1876లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకస్ తేల్చింది ఇది ప్రధానం కాదన్నంతవరకే. ముక్కలవుతుందని తెలియడం వేరు, ముక్కలు చేతికి రావడం వేరు. మధ్యలో 27 ఏళ్ళు!

తేటగీతి అభిమాని: భాజకం దొరక్కుండా కాదని ఎలా చెప్పగలరు మాస్టారూ?

శేషం సున్న: లూకస్ పద్ధతినే తర్వాత లెమర్ అనే గణితజ్ఞుడు చక్కదిద్దాడు, అది చెబుతా. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా 65 సార్లు. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. భాజకాల జోలికే వెళ్ళం. నిర్వాహకులు అన్నది నిజమే, నా పద్యానికి "ముక్కలాయె" కంటే "ముక్కలౌను" సరిపోతుంది. సమస్య మార్చకూడదుగా!

తేటగీతి అభిమాని: భయపడుతూనే పెడుతున్నా.
నూట ముప్పదిపయి నాలుగింతలపైన
ఒకటి కలుపు చోట నోర్మి వెదక
దక్కె నొక్క జంట, తప్పు తేటపడెను
చెక్కు చెదరకుండ ముక్కలాయె

నిర్వాహకుడు: నూ–నా యతి చెల్లదు. "అరువదేడు జతల యంతరమ్ములపైన" అనండి, 67 జతలంటే 134 వచ్చేసింది. భావం మాత్రం అందరికన్నా మీదే పదును. ఈ సంఖ్యకు ఏ ప్రధాన భాజకమైనా 134 గుణిజానికి ఒకటెక్కువే ఉండాలి. 19,37,07,721 అంటే 134 × 14,45,580 + 1. అంత జల్లెడ పట్టినా చిన్న భాజకం చేరడానికే ఎంత దూరమో చూడండి.

గోదారిగట్టు: 134 సంగతి నా పద్యంలోకి రాలేదే అని ఇప్పుడు కుళ్ళుగా ఉంది.

నిర్వాహకుడు: సవరించిన తేటగీతి అభిమాని గారి పద్యానికే నా ఓటు. వచ్చే సమస్య: "మాటలేని సభయె మారుమ్రోగె". కోల్‌ని మళ్ళీ తేవద్దు.