పీహెచ్ 8.4 నేల, శెనక్కాయ కొస ఆకులు పసుపు: డీఏపీ వల్లేనా?

ప్రశ్న (తాడిపత్రి రైతు)

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర నల్లరేగడి. దున్నితే తెల్ల సున్నపు రాళ్లు పైకి వస్తాయి. బోరు కింద రెండెకరాల శెనక్కాయ వేశాం, పైరుకు నెల దాటింది. కొసన లేత ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీళ్లు కట్టిన రెండు మూడు రోజులకు ఇంకా ఎక్కువవుతోంది. దుక్కిలో ఎకరాకు రెండు బస్తాల డీఏపీ వేశాం. భూసార పరీక్షలో పీహెచ్ 8.4, భాస్వరం ఎక్కువ, ఇనుము 6 పీపీఎం, ‘సరిపడా ఉంది’ అని వచ్చింది. ఇనుము ఉంటే మరి ఈ పసుపేంటి? మందుల షాపులో యూరియా వేసి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే నీటిలో కరిగే ఎరువు) కొట్టమంటున్నారు.

జవాబు (కడప వైపు రైతు)

జిప్సం వేయి అన్నా, పీహెచ్ దిగుతుంది. గంధకం కూడా వేస్తే ఇంకా మంచిది. మా ఊర్లో అందరూ అదే చేస్తారు.

జవాబు (మట్టి ల్యాబ్, ఇప్పుడు బత్తాయి తోట)

షాపు మాట పక్కన పెట్టండి. నత్రజని తక్కువైతే పసుపు కింది ముదురు ఆకుల్లో మొదలవుతుంది, ఈనెలతో సహా ఆకంతా పాలిపోతుంది. మీది కొసన మొదలైంది, ఈనెలు పచ్చగా ఉన్నాయి. ఇది ఇనుము లోపం. నమ్మకం కుదరకపోతే ఒక్క సాలుకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కొట్టి వారం లోపల చూడండి, తేడా తెలుస్తుంది.

పరీక్షలో ఇనుముకు హద్దు 4.5 పీపీఎం, కాబట్టి మీ 6 పాసయింది. కానీ ల్యాబ్‌లో మేం రసాయనం పోసి మట్టిలోంచి ఇనుమును లాగుతాం. చేలో ఆ పనిని మొక్క వేరు తనంతట తానే చేసుకోవాలి. శెనక్కాయ వేరు తన చుట్టూ కాస్త ఆమ్లం వదిలి, ఇనుమును కరిగే రూపంలోకి మార్చుకుని తాగుతుంది. మీ నేలలోని సున్నం, బోరు నీళ్లలోని బైకార్బొనేటు ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తాయి. తడి ఎక్కువైతే మట్టిలో గాలి ఆడదు, వేర్లు వదిలిన బొగ్గుపులుసు వాయువు అక్కడే చిక్కుకుని బైకార్బొనేటు ఇంకా పెరుగుతుంది. నీళ్లు కట్టాక పసుపు ముదిరేది అందుకే. తడికీ తడికీ మధ్య ఎడం పెంచండి.

ఇక డీఏపీ. రెండు బస్తాలంటే 46 కిలోల భాస్వరం. నీటి కింద శెనక్కాయకు సిఫారసు ఎకరాకు 16 కిలోలే. పైగా మీ నేలలో భాస్వరం ముందే ఎక్కువుంది! మిగిలింది ఊరికే పడి ఉండదు, ఇనుమును, జింకును మొక్కకు సరిగా అందనివ్వదు. వచ్చేసారి 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చాలు, ఆ 16 కిలోలూ అందులోనే వస్తాయి, 11 కిలోల గంధకం అదనం. నత్రజని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో ఇవ్వండి. వేరు అమ్మోనియం తీసుకున్నప్పుడు ఆమ్లం వదులుతుంది, నైట్రేటు తీసుకున్నప్పుడు క్షారం వదులుతుంది. ఇలాంటి నేలలో కాల్షియం నైట్రేట్ జోలికి పోవద్దు.

ఇప్పటికి పిచికారీ ఒక్కటే దారి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). ముందు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాతే అన్నభేది వేయాలి. లేకపోతే బోరు నీళ్లలో అది తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. సాయంత్రం కొట్టండి, వారం పది రోజులకు ఇంకోసారి. 19:19:19 అదే ట్యాంకులో కలపొద్దు, అందులోనూ భాస్వరమే ఉంది.

కడప తమ్ముడూ, జిప్సం సోడియంతో చెడిన చౌడుకు మందు. సున్నపు నేల పీహెచ్‌ను అది దించదు. శెనక్కాయకు పూత దశలో 200 కిలోలు వేయాల్సిందే, కానీ అది కాయ నిండడానికి. గంధకం సంగతి లెక్క కట్టి చూడు. ఎకరాలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 900 టన్నులు. సున్నం ఒక్క శాతమే ఉందనుకున్నా 9 టన్నులు. దాన్ని కరిగించాలంటే దాదాపు 3 టన్నుల గంధకం కావాలి. రాళ్లు కనబడే నేలలో సున్నం ఒక్క శాతంతో ఆగుతుందా?

తాడిపత్రి రైతు

చాలా థ్యాంక్స్ అన్నా. టెన్షన్ కొంత తగ్గింది. షాపులో ఈడీటీఏ ఇనుము (చీలేటు రూపంలోది) ఉంది, డ్రిప్‌లో వదలొచ్చా? దీని తర్వాత మొక్కజొన్న అనుకుంటున్నాం.

మట్టి ల్యాబ్, ఇప్పుడు బత్తాయి తోట

ఆకు మీద కొట్టడానికైతే ఈడీటీఏ సరే. మీ మట్టిలో వదిలితే మాత్రం కాల్షియం అందులోని ఇనుము చోటు లాక్కుంటుంది, ఇనుము విడిపోయి గట్టిపడుతుంది. ఇలాంటి పీహెచ్‌లో నిలిచేది ఈడీడీహెచ్ఏ అనే ఇంకో రకం చీలేటు ఇనుము. ఖరీదెక్కువ, నేనైతే తోటకు కొంటాను గానీ శెనక్కాయకు కొనను.

మొక్కజొన్నకు ఈ నేలలో జింకుతో ఇబ్బంది రావచ్చు. మీరు జింకు అంకె రాయలేదు, కార్డులో చూడండి. 0.6 పీపీఎం కన్నా తక్కువుంటే ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి. డీఏపీతో కలిపి చల్లొద్దు, రెండిటికీ మధ్య రెండు మూడు రోజులు ఎడం ఉండాలి. మొలిచాక లేత ఆకుల్లో నడి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు కనబడితే లీటరుకు 2 గ్రాముల చొప్పున జింక్ సల్ఫేట్ పిచికారీ చేయండి.