ఆకు ఒకటే, కోర్టులు మూడు: నా నవలలో కుర్రాడిని ఎవరు విచారించాలి?

తాటాకు: కల్పిత సామ్రాజ్యం మీద నవల రాస్తున్నాను. మత్తెక్కించే ఒక ఆకును చక్రవర్తి నిషేధించాడు. గుడి పూజకు మాత్రం మినహాయింపు. రేవుపేటలో విదేశీ వర్తకులకు సంధి ప్రకారం వాళ్ల కోర్టే. కొండల్లో పెద్దల పంచాయితీ. వర్తకుడి దగ్గర కూలి చేసే కొండ కుర్రాడు రేవులో ఆకు సంచితో దొరికాడు. ఏ కోర్టుకు పోవాలి?

రిటైర్డ్ గుమాస్తా: చక్రవర్తి ఉన్నాక ఇన్ని కోర్టులేమిటండీ? నమ్మబుద్ధి కావట్లేదు.

పాతబస్తీ: ఎందుకు కాదు? చైనా చక్రవర్తి 1729లోనే నల్లమందు పొగ తాగించే అంగళ్లను నిషేధించాడు. తర్వాతి శతాబ్దంలో యుద్ధాల్లో ఓడి సంధులు చేసుకున్నాక, షాంఘైలో విదేశీ పేటలోకి అడుగుపెడితే అధికారం మారిపోయేది. అంత దూరం దేనికి, మన హైదరాబాదులోనే రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్నాయి. ఇప్పటి సుల్తాన్ బజార్ అదే.

రిటైర్డ్ గుమాస్తా: అది సరే, శాసనంలో 'ఆకు' అనే రాశారా? మన దేశపు మత్తుమందుల చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేని విడి ఆకు ఆ లెక్కలోకి రాదు. భంగు బతికింది అందుకే. ముందు అది తేల్చండి.

చింతపిక్క: చక్రవర్తికి కూడా సెక్షన్లు చెప్తున్నారు 😀

కొండగాలి: మాది ఏజెన్సీ. మా చిన్నాన్న కొడుకు బెల్లం అంటే నమ్మి ఎవరిదో సంచి బస్సెక్కించాడు. కూలి 500. సీటు కింద లాగి తూస్తే 22 కిలోల గంజాయి. 20 దాటితే కమర్షియల్ లెక్క, బెయిల్ గగనం. సంచి ఇచ్చినవాడి పేరు కేసులోనే లేదు.

రిటైర్డ్ గుమాస్తా: తెలియక మోశానంటే సరిపోదు, ఆ సంగతి అతనే రుజువు చేసుకోవాలి. సెక్షన్ 35.

కొండగాలి: సెక్షన్ మా పిన్నికి చెప్పు, వాయిదా వాయిదాకీ బస్సెక్కేది ఆవిడే! నేనడిగేది నవల సంగతి. గుడికి మినహాయింపు ఉంది, వర్తకుడికి సంధి ఉంది. కొండ పంచాయితీ అని పేరుకు రాశారు, కుర్రాడి కోసం పెద్దలు రేవుకు వచ్చినట్టు ఉందా?

రిటైర్డ్ గుమాస్తా: పెద్దలా! మా అక్క విడాకుల పంచాయితీలో పెద్దమనుషులు ఎవరింట్లో భోంచేస్తే వాళ్ల వైపే చెప్పారు. ఒకే చట్టం ఉండాలని ఊరికే అనట్లేదు.

కొండగాలి: మీ అక్కగారికి జరిగింది అన్యాయమే. మా తమ్ముడికి ఒకే చట్టం చేసిందేమిటి మరి?

తాటాకు: నిజమే, పెద్దల చేత ఒక్క మాటా మాట్లాడించలేదు. ఏడో అధ్యాయంలో కుర్రాడిని ఉరి తీసేశాను కూడా. మళ్లీ రాయాలి.

రిటైర్డ్ గుమాస్తా: రాయండి. ఇంతకీ సంచిలో ఉన్నది ఆకా, పూతా?