చాటుగా మన మాటలు విన్న దేశం దగ్గర యుద్ధ విమానాలు కొనొచ్చా? 2013 బ్రెజిల్ నిర్ణయంపై చర్చ

గగనవీధి (చర్చ మొదలుపెట్టినవారు):

2013 డిసెంబర్ 18న బ్రెజిల్ 36 కొత్త యుద్ధ విమానాల కోసం స్వీడన్ కంపెనీ సాబ్ తయారుచేసే గ్రిపెన్‌ను ఎంచుకుంది. పోటీలో ఓడినవి ఫ్రాన్స్ రఫేల్, అమెరికా కంపెనీ బోయింగ్ వారి ఎఫ్-18 సూపర్ హార్నెట్. అదే ఏడాది మే నెలాఖరులో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్ వెళ్లి అధ్యక్షురాలు దిల్మా రౌసెఫ్‌ను కలిసినప్పుడు బోయింగ్‌దే పైచేయి అని చాలామంది అనుకున్నారు.

సెప్టెంబర్ 1న గ్లోబో టీవీ ఒక కథనం ప్రసారం చేసింది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ప్రకారం, ఆ సంస్థ సాక్షాత్తూ దిల్మా మాటల మీదే కన్నేసింది. వారం తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్ పేరు కూడా బయటికొచ్చింది. అక్టోబర్ 23న జరగాల్సిన వాషింగ్టన్ పర్యటనను దిల్మా ఆపేశారు. సెప్టెంబర్ 24న ఐక్యరాజ్యసమితిలో, ఇది అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించడమేనని ఒబామా మాట్లాడే వేదిక మీదనే చెప్పారు. డిసెంబర్‌లో బోయింగ్ ఓడిపోయింది.

ఆ ఒప్పందాన్ని బోయింగ్ చేతుల్లోంచి జారిపోయేలా చేసింది ఎన్‌ఎస్‌ఏనే అని నేను నమ్ముతున్నాను. యుద్ధ విమానం డబ్బిచ్చి తెచ్చుకుని హ్యాంగర్‌లో పెట్టుకుంటే సరిపోయే వస్తువు కాదు. ముప్పై ఏళ్లపాటు విడిభాగాలు, ఆయుధాలు, సాఫ్ట్‌వేర్ అన్నీ అమ్మినవాళ్ల దగ్గర్నుంచే రావాలి. గోడ చాటున నిలబడి ఇంట్లో మాటలు వినేవాడి చేతికి తాళం చెవి కూడా ఇస్తామా?

లెక్కలమనిషి:

గగనవీధి గారూ, తేదీలను పక్కపక్కన పెడితే ముందు జరిగింది తర్వాతి దానికి కారణంలాగే కనబడుతుంది. కానీ ఈ కథ 2013లో మొదలవలేదు. 2009 సెప్టెంబర్ 7న అప్పటి అధ్యక్షుడు లూలా, పక్కన ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ ఉండగా, రఫేల్ కొనుగోలుకు చర్చలు మొదలుపెడుతున్నట్టు ప్రకటించారు. 2010 జనవరిలో బ్రెజిల్ వైమానిక దళం తయారుచేసిన నివేదిక ఫోల్యా పత్రికకు చిక్కింది. అందులో గ్రిపెన్ మొదటి స్థానంలో, సూపర్ హార్నెట్ రెండో స్థానంలో, రఫేల్ చివరన ఉన్నాయి. అప్పటికి స్నోడెన్ ఎవరో ఎవరికీ తెలియదు. విమానం నడిపేవాళ్లు ముందే చెప్పినదానికే నాయకులు నాలుగేళ్ల తర్వాత వచ్చారు.

రక్షణ మంత్రి సెల్సో అమోరిం కూడా పనితీరు, టెక్నాలజీ బదిలీ, ఖర్చు అనే మూడు కారణాలే చెప్పారు. పైగా అనాపోలిస్ వైమానిక స్థావరంలోని పాత మిరాజ్ 2000 యుద్ధ విమానాలు ఆ డిసెంబర్‌తోనే సెలవు తీసుకుంటున్నాయి. ఇంకో ఏడాది వాయిదా వేస్తే గగనతలాన్ని కాసేదెవరు? అప్పుడు చెప్పిన విలువ 450 కోట్ల డాలర్లు. అంత డబ్బు పెట్టేటప్పుడు కోపం మీద నిర్ణయాలు తీసుకోరు.

తూర్పుగాలి:

మంత్రులు మైకు ముందు అసలు కారణం చెబుతారా అండీ? ఆ రోజే బ్రెజిల్ ప్రభుత్వంలోని ఒకరు పేరు బయటపెట్టకుండా, గూఢచర్యం గొడవే అమెరికన్ల పని చెడగొట్టిందని రాయిటర్స్‌కు చెప్పారు.

రెంచి:

నేను ప్రయాణికుల విమానాల మెయింటెనెన్స్‌లో చాలాకాలం పనిచేశాను. యుద్ధ విమానాల మీద చేయి పెట్టలేదు. అయినా ఒక సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే: విమానం ఎగరాలా వద్దా అన్నది చివరికి విడిభాగం ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి ఉంటుంది.

బోయింగ్ ఎంత మంచి మాట ఇచ్చినా అది బోయింగ్ ఒక్కదాని మాటతో తేలేది కాదు. ఆయుధాల ఎగుమతికి అమెరికా ప్రభుత్వ అనుమతి కావాలి, పెద్ద అమ్మకాలను కాంగ్రెస్‌కు ముందే తెలియజేయాలి. అనుమతి ఇవ్వకపోతే ఏమవుతుందో బ్రెజిల్‌కు స్వయంగా తెలుసు. 2006లో తన సొంత కంపెనీ ఎంబ్రాయర్ తయారుచేసిన సూపర్ టుకానో విమానాలను వెనెజువెలాకు అమ్మబోతే, వాటిలో అమెరికా భాగాలున్నాయని వాషింగ్టన్ అడ్డుకుంది. విమానం బ్రెజిల్‌ది, కొనేవాడు పొరుగువాడు, అయినా అమ్మలేకపోయారు. ఆ అనుభవం ఉన్నవాళ్లు టెక్నాలజీ బదిలీ అన్న మాటను కాగితం మీద ఒక షరతులా చూడరు.

గ్రిపెన్‌తో వాళ్లకు దక్కింది చూడండి. 36లో 15 విమానాలు గవియావ్ పెషోటోలోని ఎంబ్రాయర్ కర్మాగారంలో తయారవ్వాలని ఒప్పందం. 350 మందికి పైగా బ్రెజిల్ ఇంజినీర్లు, టెక్నీషియన్లు స్వీడన్ వెళ్లి పని నేర్చుకున్నారు.

అయితే గగనవీధి గారికి నచ్చని సంగతి ఒకటుంది. బ్రెజిల్ కొన్న గ్రిపెన్ ఇ రకం ఇంజన్ అమెరికా కంపెనీ జీఈ తయారుచేసే ఎఫ్414. సూపర్ హార్నెట్‌లో ఉన్నది కూడా అదే కుటుంబం ఇంజన్. అంటే తాళం చెవి పూర్తిగా వెనక్కి తీసుకున్నట్టు కాదు. ఇంజన్ గది తాళం ఇంకా అమెరికా దగ్గరే ఉంది.

ఉత్తరధ్రువం:

రెంచి గారు ఇంజన్ గురించి చెప్పారు, నేను చెవుల గురించి చెబుతాను. బ్రెజిల్ నిర్ణయానికి దాదాపు రెండు వారాల ముందు, 2013 డిసెంబర్ మొదట్లో, స్వీడన్ నిఘా సంస్థ ఎఫ్‌ఆర్‌ఏ ఎన్‌ఎస్‌ఏతో చేయి కలిపి రష్యా మీద నిఘా పెట్టిందని స్వీడన్ టీవీయే చెప్పింది. దానికి ఆధారం కూడా స్నోడెన్ పత్రాలే. గూఢచర్యం చేసేవాళ్ల దగ్గర కొనకూడదన్నదే సూత్రమైతే స్వీడన్ కూడా జాబితాలోంచి పోవాలి కదా?

బ్రెజిల్‌ను వదిలి మిగతా దేశాలను చూస్తే సందేహం ఇంకా పెరుగుతుంది. జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ ఫోన్ మీద ఎన్‌ఎస్‌ఏ నిఘా పెట్టిన సంగతి 2013 అక్టోబర్‌లో బయటపడింది. అయినా జర్మనీ 2022 మార్చిలో అమెరికా యుద్ధ విమానం ఎఫ్-35నే ఎంచుకుంది, 35 విమానాలు. స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిప్టో ఏజీ అనే, సందేశాలను రహస్య సంకేతాలుగా మార్చే యంత్రాల కంపెనీ దశాబ్దాలపాటు సీఐఏ, జర్మన్ నిఘా సంస్థల రహస్య ఆస్తి అని 2020 ఫిబ్రవరిలో తేలింది. తర్వాతి ఏడాది జూన్‌లో స్విస్ ప్రభుత్వం కూడా ఎఫ్-35నే ఎంచుకుంది.

అన్నిటికంటే డెన్మార్క్ ఉదాహరణ నన్ను బాధపెడుతుంది. వాళ్లు 2016లో 27 ఎఫ్-35లు కొనాలని నిర్ణయించారు. విమానాల ఎంపిక జరుగుతున్న కాలంలో ఎన్‌ఎస్‌ఏ వాళ్ల ప్రభుత్వ శాఖల మీద, పోటీలో ఉన్న యూరప్ విమానం యూరోఫైటర్ మీద, సాబ్ మీద నిఘా పెట్టిందని డెన్మార్క్ ప్రసార సంస్థ డీఆర్ 2020 నవంబర్‌లో చెప్పింది. ఇక్కడ గూఢచర్యం గురిపెట్టిందే విమానాల కొనుగోలు మీద! అయినా ఒప్పందం రద్దు కాలేదు. డెన్మార్క్ అధీనంలోని గ్రీన్‌లాండ్ తమకు కావాలని అమెరికా అడుగుతున్న గొడవ నడుస్తుండగానే, 2025 అక్టోబర్‌లో మరో 16 ఎఫ్-35లు కొంటామని ప్రకటించారు.

గగనవీధి:

ఉత్తరధ్రువం గారూ, డెన్మార్క్ సంగతి నా వాదనకు గట్టి దెబ్బే, ఒప్పుకుంటాను. ఎఫ్‌ఆర్‌ఏ సంగతి నాకు తెలియదు. కానీ మీరు చెప్పిన మూడు దేశాల్లో రెండు నాటో సభ్యులు. జర్మనీకి ఎఫ్-35 ఎందుకు కావలసి వచ్చింది? ముసలివైపోయిన టోర్నాడో యుద్ధ విమానాల బదులు అమెరికా అణుబాంబులు మోయడానికి. ఆ పనికి అమెరికా ఒప్పుకున్న విమానమే కావాలి. రష్యా భయం పక్కనే కూర్చుని ఉంటే ఎన్‌ఎస్‌ఏ మీద కోపం మింగేస్తారు. బ్రెజిల్‌కు అలాంటి భయం లేదు, అమెరికా రక్షణ గొడుగు అవసరం లేదు. కాబట్టి కోపం తీర్చుకునే స్వేచ్ఛ ఉంది.

లెక్కలమనిషి గారి 2010 నివేదికను కూడా కాదనను. అందుకే నా మాట సవరించుకుంటాను. గూఢచర్యం గ్రిపెన్‌ను మొదటి స్థానానికి తేలేదు, అది ముందే అక్కడుంది. కానీ ఆ నివేదికను పక్కనపెట్టి బోయింగ్ వైపు మొగ్గే దారి 2013 మేలో తెరిచే ఉంది, సెప్టెంబర్ తర్వాత మూసుకుపోయింది. ఐక్యరాజ్యసమితిలో అంత మాట అన్న అధ్యక్షురాలు మూడు నెలలకే బోయింగ్‌కు సంతకం పెడితే, ఎన్నికల ఏడాది ముంగిట జనానికి ఏం చెప్పుకుంటారు?

లెక్కలమనిషి:

ఇలా చెబితే నాకు సగం అభ్యంతరం పోయింది. మిగతా సగం స్విట్జర్లాండ్ గురించి. అది నాటోలో లేదు, అమెరికా గొడుగూ లేదు, స్వేచ్ఛ ఉంది. అయినా క్రిప్టో ఏజీ గొడవ వాళ్లను ఆపలేదు. వాళ్లకు నమ్మకం చెడింది డబ్బు దగ్గర. ధర ఖాయం అని స్విస్ ప్రభుత్వం ఏళ్లపాటు జనానికి చెప్పింది. 2025లో అమెరికా, అది మీ అపార్థం అంటూ 65 కోట్ల నుంచి 130 కోట్ల ఫ్రాంకుల దాకా అదనపు ఖర్చు చూపించింది. ఫోన్ విన్నారంటే నాలుగు రోజులు గోల చేసే జనం, బిల్లు పెరిగితే ఏళ్లపాటు మర్చిపోరు.

తూర్పుగాలి:

నమ్మకం ఒకవైపే చూస్తున్నాం. అమ్మేవాడికీ అనుమానం ఉంటుంది. రష్యా గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ ఎస్-400 కొన్నందుకు 2019 జులైలో టర్కీని ఎఫ్-35 కార్యక్రమం నుంచి తీసేశారు. ఆ రాడార్ల ద్వారా ఎఫ్-35 రహస్యాలు రష్యాకు చేరతాయన్నది అమెరికా భయం. యూఏఈకి 50 ఎఫ్-35లు ఇవ్వాలన్న ఒప్పందం కూడా ఆ దేశంలో చైనా కంపెనీ హువావే 5జీ వాడకం విషయంలో ఇరుక్కుంది.

రెంచి:

తూర్పుగాలి గారి మాట దగ్గరే అసలు విషయం ఉంది. పాత విమానం తనకు కనబడింది పైలట్‌కు చెప్పేది. ఎఫ్-35 లాంటివి ఎదుటివాడి రాడార్లు, సంకేతాలు అన్నీ సేకరిస్తాయి. ఏ సంకేతం ఎవరిదో గుర్తుపట్టే ఫైళ్లు ఫ్లోరిడాలోని ఎగ్లిన్ స్థావరంలో తయారవుతాయి. 2025 మార్చిలో, అమెరికా దూరం నుంచి ఎఫ్-35ను ఆపేసే మీట ఉందని యూరప్ అంతా పుకారు లేచింది. అలాంటిదేమీ లేదని అమెరికాలో ఎఫ్-35 కార్యక్రమాన్ని నడిపే కార్యాలయం ప్రకటించింది. నేనూ అది నమ్ముతాను. కానీ ఆ ఫైళ్లు ఆరు నెలలు రాకపోతే విమానం ఎగురుతుంది గానీ, ఎదుట ఉన్నది కొత్త రాడారో కాదో తెలియని స్థితిలో ఎగురుతుంది. దానికి మీట అక్కర్లేదు. కెనడా అదే నెలలో తన 88 ఎఫ్-35ల ఒప్పందాన్ని మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టింది. ఎవరి ఫోన్ ఎవరు విన్నారన్న గొడవ కాదది. ఆ ఫైలు అడిగిన రోజున వస్తుందా రాదా అన్న అనుమానం.