కొత్త పాఠకుడికి మొదటి పుస్తకంగా ‘వేయిపడగలు’ చెప్పొచ్చా?

కృష్ణాతీరం:
ఇప్పుడు విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’ చదువుతున్నాను, సగం దాటింది. మా ఆఫీసులో పాతికేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు. మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం చదువే. తెలుగు పేపరు చదువుతాడు గానీ నవల ఎప్పుడూ పట్టలేదు. లంచ్ టైములో నా చేతిలో పుస్తకం చూసి, “అన్నా, నేను కూడా తెలుగులో ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నా, ఇదే కొననా?” అని అడిగాడు. ఇప్పుడే వద్దన్నాను. పక్క సీటాయన విని, “అంత గొప్ప పుస్తకాన్ని వద్దంటావేంటండీ” అని నా మీదికి వచ్చారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నేనెందుకు వద్దన్నానో చెప్తాను. ఈ పుస్తకం నన్ను పూర్తిగా లాక్కుపోయింది. సుబ్బన్నపేట, దాని కోట, గుడి, దేవుడు పూని పలికే గణాచారి, పొలాల్లో పాములా తిరిగే పసరిక... రాత్రి దీపం ఆర్పాక కూడా బుర్రలో తిరుగుతూనే ఉంటారు. కానీ నేను ఇరవై ఏళ్ళుగా తెలుగు చదువుతున్నవాణ్ణి. అయినా కొన్నిచోట్ల ఒక పేరా రెండుసార్లు చదవాల్సి వస్తోంది. కథ చెప్పే భాష పాత పుస్తకభాషకు దగ్గర. కథ మధ్యలో ఆగి సంగీతం, నాట్యం, చదువులు, మతం మీద పేజీలకు పేజీలు చర్చ నడుస్తుంది. నాకు ఆ చర్చలంటేనే ఇష్టం. మొదటిసారి తెలుగు నవల పట్టినవాడు మాత్రం అక్కడ ఆగిపోతాడని నా భయం. ఆగిపోతే పుస్తకాన్ని తప్పుపట్టడు, “నాకు తెలుగు రాదు” అనుకుంటాడు. ఆ తర్వాత ఇంకో పుస్తకం జోలికి పోడు.

మీరేమంటారు? ఇప్పుడు మీరు చదువుతున్నవాటిలో అతనికి ఏది ఇవ్వొచ్చో కూడా చెప్పండి.

తెనాలి మాస్టారు:
కృష్ణాతీరం గారూ, మీరు వద్దనడం తప్పని నా అభిప్రాయం. చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి అంటున్నాను. పిల్లలకు ఏది కష్టమో మనమే ముందు తేల్చేస్తాం. వాళ్ళను అడగం.

‘వేయిపడగలు’ ఎలా పుట్టిందో గుర్తు చేసుకోండి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర యూనివర్సిటీ) నవలల పోటీ పెడితే విశ్వనాథ ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. 29 రోజుల్లో 999 పేజీల రాతప్రతి తయారైంది. అంటే అది నోటితో పుట్టిన పుస్తకం. పైకి చదివి చూడమనండి. కళ్ళతో చదివితే బిగుసుకునే వాక్యం పైకి చదివితే విడిపోతుంది. మా క్లాసులో అరుంధతి, ధర్మారావుల కాపురం వచ్చే భాగాలు పైకి చదివించేవాణ్ణి. వెనక బెంచీ పిల్లలు కూడా గంట కొట్టినా లేచేవారు కాదు.

ఇంకో మాట. పి.వి. నరసింహారావు గారు దీన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. హిందీవాళ్ళు చదవగలిగిన పుస్తకాన్ని మన కుర్రాడు చదవలేడని అనడం నాకు మింగుడు పడదు.

ఓరుగల్లు వాసి:
మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ హిందీవాళ్ళు చదివింది అనువాదం. అందులో ఈ భాషా కష్టం ఉండదు కదా.

నా అభ్యంతరం భాష ఒక్కటే కాదు. తెలుగులో మొదటి నవల చెప్పమంటే ప్రతిసారీ కోస్తా జమీందారీ చుట్టూ తిరిగే కథే ఎందుకు ముందుకొస్తుంది? పైగా ‘వేయిపడగలు’ వర్ణధర్మం నిలబడాలని గట్టిగా వాదించే పుస్తకం. ఆ పాత సమాజం కూలిపోతుంటే రచయిత పడే దుఃఖం నిజమైనదే, నాకూ తగిలింది. కానీ ఆ వ్యవస్థ కింద నలిగినవాళ్ళ వైపు నుంచి చూస్తే అదే పుస్తకం ఇంకోలా కనిపిస్తుంది. కొంత చదివిన మనిషి దానితో వాదించుకుంటూ చదువుతాడు. కొత్తవాడికి ఎదురు వాదన ఎక్కడినుంచి వస్తుంది?

నేనిప్పుడు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ రెండోసారి చదువుతున్నా. నిజాం కాలం, తెలంగాణ పల్లె. విజయవాడ వైపు నుంచి పాణి అనే సంగీతకారుడు బతుకుదెరువు కోసం ఆ ఊరికి వస్తాడు. దొర గడీలో, అంటే కోటలాంటి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో, వెట్టి ఎలా ఉంటుందో అతని కళ్ళతో మనమూ చూస్తాం. బయటివాడు కాబట్టి అతనికి తెలియనివే మనకూ తెలియవు. అతనితోపాటే నేర్చుకుంటాం. కొత్త పాఠకుడికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది?

కాస్త చదువు అలవాటయ్యాక ‘అంపశయ్య’ ఇవ్వండి. 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే పేద విద్యార్థి నిద్రలేచినప్పటి నుంచి మళ్ళీ పడుకునేదాకా ఒక్కరోజు కథ. మెస్సు డబ్బులు, పరీక్షల టెన్షన్, మనసులో తిరిగే ప్రతి ఆలోచనా పేజీ మీదికి వచ్చేస్తుంది. మీ ఆఫీసు కుర్రాడు హాస్టల్లో ఉండి చదివినవాడైతే దానికి వెంటనే కనెక్ట్ అవుతాడు.

డాలస్ నుంచి:
నేను ఆ కుర్రాడి లాంటిదాన్నే, అందుకే రాస్తున్నా. ఇక్కడే పుట్టాను. తెలుగు చదవడం అమ్మ నేర్పింది. ‘స్త్ర’, ‘క్ష్మ’ లాంటివి వస్తే ఇప్పటికీ ఆగి, విడదీసి, మళ్ళీ కలుపుకుంటాను. అలా ఒక పేజీకి పావుగంట పట్టేది. వెయ్యి పేజీల పుస్తకం బల్లమీద కనిపిస్తే చాలు, ఈ జన్మకి అవదు అనిపించేది.

నాకు దారి చూపింది శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’. వంద కథలు, అన్నీ చిన్నవే, బాపు బొమ్మలతో. రాత్రికి ఒకటి చదివితే ఒకటి పూర్తవుతుంది. పూర్తి చేశానన్న సంతోషం ఎంత పెద్దదో మొదటి నుంచీ గడగడా చదివేవాళ్ళకి తెలియదు. అందులో కృష్ణ, గుడి, రేవు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక కథలో నేర్చుకున్న మాట నాలుగు కథల తర్వాత మళ్ళీ ఎదురైతే ఇక నిఘంటువు తీయక్కర్లేదు. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి చదువుతున్నా, ఈసారి చాలా త్వరగా సాగుతోంది.

తెనాలి మాస్టారు:
డాలస్ అమ్మాయీ, నువ్వు చెప్పింది నాకు నచ్చింది. పావుగంటకో పేజీ చదువుతూ వదలకుండా ఉన్నావంటే నీ పట్టుదలకు దండం. నీలాంటివారికి చిన్న కథలే ముందు, ఒప్పుకుంటాను. ఆ ఆఫీసు కుర్రాడు రోజూ పేపరు చదువుతాడు, అతని సంగతి వేరు.

ఓరుగల్లు వారికి జవాబు. ‘వేయిపడగలు’లో గిరిక కథ చదివారు కదా. దేవదాసి రత్నగిరి కూతురు. ఆ అమ్మాయి వేణుగోపాలస్వామికి తనను తాను అర్పించుకునే తీరు రాసినప్పుడు విశ్వనాథ ఏ కులాన్నీ తక్కువ చేయలేదు. ఆ పాత్రను నవలలో అందరికంటే ఎత్తున నిలబెట్టారు.

ఓరుగల్లు వాసి:
మాస్టారూ, పాత్రను ఎత్తున నిలబెట్టారు, నిజమే. కానీ ఆ అమ్మాయి ముందు ఇంకో బతుకు ఉండే అవకాశం ఆ నవల ఇవ్వలేదు. నా ప్రశ్న దాని గురించే.

వైజాగ్ బీచ్ రోడ్డు:
మీ ఇద్దరి వాదన బాగుంది గానీ అడిగిన కుర్రాడు మధ్యలో నలిగిపోతున్నాడు. నా ఓటు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’కి. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లో చిన్న వయసులోనే పోయారు, రాసింది ఈ ఒక్క నవలే. అది తలుచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది.

నేను ప్రస్తుతం ఇదే చదువుతున్నా. మా విశాఖలోనే కథ. ఇందిర ఉద్యోగం చేసి తండ్రి ఆనందరావును పోషిస్తుంటుంది. అదే ఇంట్లో మేడమీద మెడిసిన్ చదివే ప్రకాశం అద్దెకుంటాడు. ఇందిర తనకేం కావాలో దాచుకోదు, దక్కకపోతే కూలబడి ఏడుస్తూ కూర్చోదు. తను చేసే కొన్ని పనులు మనకు నచ్చవు. నచ్చకపోయినా ఎందుకు చేసిందో అర్థమవుతుంది. ఇందిర ప్రకాశాన్ని నిలదీసే చోట్ల చూడండి, ఒక్క మాట కూడా డెబ్బై ఏళ్ళ నాటిదిలా ఉండదు. భాష మనం ఇంట్లో మాట్లాడుకునేదే. ఉద్యోగం, అద్దె ఇల్లు, బాధ్యత తీసుకోలేని మగపిల్లాడు... ఇవన్నీ ఆ కుర్రాడికి తెలిసిన విషయాలే. దీన్నిబట్టే 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా తీశారు. నవల చాలా ముందుకెళ్ళి ఆలోచిస్తుంది, సినిమా చూసి ఆగిపోవద్దని చెప్పండి.

అదయ్యాక రావిశాస్త్రి ‘అల్పజీవి’. సుబ్బయ్య అనే పిరికి మనిషి బుర్రలోకి మనల్ని దింపేస్తుంది.

సీమ నుంచి:
నామిని ‘మిట్టూరోడి కతలు’ ఎవరూ చెప్పలేదే! మాది చిత్తూరు పక్క. నాకు తెలుగు పుస్తకం అలవాటైంది వాటితోనే. అమ్మ, నాయన, బడి, కయ్యలు (పొలాలు), అన్నీ మా ఇంట్లో మాటల్లోనే ఉన్నాయి. అయితే ఓరుగల్లు వాసి గారు చెప్పిన తెలంగాణ పల్లె కథతోనైనా, నేను చెప్పినదానితోనైనా యాస అనే చిక్కు ఒకటుంది. యాసలో రాసిన పుస్తకం ఆ యాసవాళ్ళకి అమ్మ ఒడిలా ఉంటుంది, పక్క జిల్లావాడికి మాత్రం కాస్త కష్టమే. మీ కుర్రాడిది ఏ ఊరో చెప్తే దాన్నిబట్టి చెప్పొచ్చు.

కృష్ణాతీరం:
సీమ నుంచి గారూ, నేను అడగనే లేదు చూడండి. ఇవాళ అడిగాను. వాళ్ళది విజయనగరం పక్క పల్లె, చదువుకున్నదంతా వైజాగ్ హాస్టల్లో. కాబట్టి ‘కాలాతీత వ్యక్తులు’ కొనిచ్చాను. బీచ్ రోడ్డు పేరు చూడగానే మొహం వెలిగిపోయింది. తర్వాత ‘చిల్లర దేవుళ్ళు’ ఇస్తాను, నా కాపీ ఉంది.

మాస్టారూ, మీరు చెప్పినట్టు నిన్న రాత్రి ‘వేయిపడగలు’ పది పేజీలు పైకి చదివాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. మీరన్నది నిజమే, వాక్యం విడిపోయింది. అయినా నా మాట మార్చుకోను. పైకి చదివి వినిపించే మాస్టారు పక్కన ఉంటే మొదటి పుస్తకంగా ఇవ్వొచ్చు. ఒంటరిగా హాస్టల్ గదిలో కూర్చుని చదివేవాడికి వద్దు. విశ్వనాథే కావాలంటే ముందు ‘ఏకవీర’ ఇవ్వండి, మధుర నాయకుల కాలం కథ, చిన్నది, చివరిదాకా పట్టి లాగుతుంది.

తెనాలి మాస్టారు:
‘ఏకవీర’కి అభ్యంతరం లేదు. కానీ ఆ కుర్రాడు మీ ఆఫీసులోనే ఉన్నాడు. రోజూ లంచ్ టైములో రెండు పేజీలు మీరే పైకి చదవొచ్చు కదా?