అప్‌డేట్: ఆడకుక్క కాలెత్తి ఉచ్చ పోస్తోంది, గచ్చు మీద రక్తం మరక – ఇప్పుడు తగ్గింది

పోయిన నెల అడిగాను కదా, మాది విజయనగరం, మా మూడేళ్ళ ఆడకుక్క బుజ్జి, మగకుక్కలా గోడకి కాలెత్తి చుక్క చుక్క పోస్తోంది, గచ్చు మీద గులాబీ రంగు మరక కూడా చూశాం అని. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పొద్దుటి ఉచ్చ పట్టుకెళ్ళమన్న అక్క మాటే పనికొచ్చింది. పొడుగు కాడ గరిటె కడిగి ఆరబెట్టి, అది కాలెత్తగానే మెల్లగా కింద పెట్టాను, రెండు చెంచాలంత వచ్చింది, టెస్టుకి అది చాలింది. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షనట. ఆడకుక్కలకి మూత్రనాళం పొట్టి కాబట్టి ఇది ఎక్కువగా వస్తుందని డాక్టర్ గారు చెప్పారు. స్కాన్‌లో రాళ్ళేం లేవు. మూడో రోజుకే మరకలు ఆగిపోయాయి, మా అమ్మ ఇంక మందులెందుకే అంది గానీ కోర్సు మొత్తం వేశాం.

కాలెత్తడానికీ జబ్బుకీ సంబంధం లేదు. హార్మోన్ తేడా ఏమో అని నేను ఊరికే బెంగపడ్డాను. కొన్ని ఆడకుక్కలు వాసన గుర్తు పెట్టడానికి అలా చేస్తాయట, బుజ్జి ఇప్పటికీ ఎత్తుతోంది.

మగకుక్క ఉన్నవాళ్ళు మాత్రం, అది ముక్కుతున్నా చుక్క రాకపోతే మర్నాటిదాకా ఆగకండి, వాటి నాళం సన్నం, రాయి అడ్డుపడితే ప్రాణం మీదకి వస్తుంది.