25 నిండాక మిలిటరీ పైలట్ కావడానికి దారి ఉందా?

జమ్మికుంట అమ్మాయి:
అందరికీ నమస్తే. నాకు పోయిన నెలలో 25 నిండాయి. ఇంటర్ ఎంపీసీ, బీటెక్ ఈసీఈ, 74 శాతం. బాచుపల్లిలో హాస్టల్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. పొద్దున్నే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి పిలాటస్ ట్రైనింగ్ విమానాలు లేచాయంటే చేతిలో బ్రష్‌తోనే డాబా ఎక్కేస్తా. బీటెక్ అవగానే చెల్లి ఫీజుల కోసం ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ప్రవేశపరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాయలేదు. ఇప్పుడు దాని చదువైపోయింది. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ఉంటే ఎయిర్‌ఫోర్స్‌లో 26 దాకా తీసుకుంటారట కదా. ఉన్న రెండెకరాలు అమ్మైనా ఆ కోర్సు చేయిస్తానంటున్నారు నాన్న. అమ్మేమో సంబంధాలు చూస్తున్నది. తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి, నొచ్చుకోను.

ఏఎఫ్‌క్యాట్ మిత్ర:
అక్కా, ముందు ఆ పొలం అమ్మకం ఆపించండి. వయసు చూసేది పరీక్ష రోజుకి కాదు, కోర్సు మొదలయ్యే తేదీకి. ఫిబ్రవరిలో రాస్తే కోర్సు మరుసటి జనవరిలో, ఆగస్టులో రాస్తే మరుసటి జులైలో. ఫ్లయింగ్ బ్రాంచికైతే ఆ తేదీకి 24 లోపు ఉండాలి, సీపీఎల్ ఉంటే 26 లోపు. సీపీఎల్‌కి 200 గంటల ఫ్లయింగ్, పైగా విమానయాన శాఖ డీజీసీఏ పెట్టే పరీక్షలు. వానాకాలం ఆటంకాలన్నీ దాటుకుని లైసెన్స్ చేతికొచ్చేసరికి ఏడాది పైమాటే. అప్పటికి మీకు 26 దాటిపోతుంది. ఎయిర్‌లైన్స్ కోసమైతే ఆలోచించండి, ఎయిర్‌ఫోర్స్ కోసం మాత్రం వద్దు.

మాధవరం హవల్దార్ (రిటైర్డ్):
అమ్మా, ఆ అబ్బాయి చెప్పిన లెక్క నిజమే. అయితే ఆర్మీకి సొంత పైలట్లు ఉంటారన్న సంగతి మనవైపు చాలామందికి తెలీదు. మాది మిలిటరీ మాధవరం. ఆర్మీ రిపేర్ల విభాగం ఈఎంఈలో హెలికాప్టర్ టెక్నీషియన్‌గా చేశాను. లేహ్ వైపు చీతా హెలికాప్టర్లని తెల్లారగట్లే లేపాలి, పొద్దెక్కితే గాలి మొండికేస్తుంది. సియాచిన్ పోస్టులకి పోయే చీతాలో కిరోసిన్ జెర్రీకేన్ ఒకటి ఎక్కించాలా దించాలా అని పైలట్‌తో కలిసి కిలోల్లో లెక్క చూసేవాళ్లం. ఆ పైలట్లలో ఆర్టిలరీ నుంచి, సిగ్నల్స్ నుంచి వచ్చిన ఆఫీసర్లు ఉండేవారు.

నువ్వు షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీ చూడు. ఆడపిల్లలకీ ఉంది. 27 దాకా వయసు, అదీ కోర్సు తేదీకే. రాతపరీక్ష లేదు. బీటెక్ మార్కుల్ని బట్టి ఎస్ఎస్‌బీకి, అంటే ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూకి పిలుస్తారు, ఐదు రోజులు. ట్రైనింగ్ అయ్యేదాకా పెళ్లి కుదరదు, ఆ మాట అమ్మకి ముందే చెప్పు. కమిషన్ వచ్చాక ఏవియేషన్‌కి పేరిచ్చుకోవాలి. కెప్టెన్ అభిలాష బరాక్ 2018లో ఎయిర్ డిఫెన్స్‌లో కమిషన్ అయ్యి, 2022 మేలో నాసిక్ ఆర్మీ ఏవియేషన్ స్కూల్‌లో వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) పెట్టించుకుంది. ఆర్మీలో తొలి మహిళా కంబాట్ ఏవియేటర్ ఆమే. ఆ విడతలో 15 మంది మహిళా ఆఫీసర్లు ముందుకొస్తే పైలట్ యాప్టిట్యూడ్ టెస్టు, మెడికల్ రెండూ దాటినవాళ్లు ఇద్దరే.

కాబట్టి వింగ్స్ రాకపోవచ్చు. అప్పుడు ఏ లడఖ్‌లోనో, అస్సాంలోనో ఇంజినీర్ ఆఫీసర్‌గా జవాన్లని నడిపించాలి. అది మనస్ఫూర్తిగా చేయగలనంటేనే రా. హెలికాప్టర్ తప్ప ఇంకేదీ వద్దనుకుంటే ఇందులోకి రాకు తల్లీ, నీ కింద పనిచేసే జవాన్లకి అన్యాయం అవుతుంది.

జమ్మికుంట అమ్మాయి:
బాబాయ్, చాలా థ్యాంక్స్. ఆఫీసర్‌గా చేయడం నాకు ఇష్టమే, వింగ్స్ కోసం ప్రయత్నమూ మానను. పొలం అమ్మొద్దని నాన్నకి ఫోన్ చేసి చెప్పేశా. అమ్మ మాత్రం ఎన్నాళ్లు ఆగాలని అడుగుతోంది.

మాధవరం హవల్దార్ (రిటైర్డ్):
సెలెక్షన్, ట్రైనింగ్ కలిపి రెండేళ్లు అనుకోమను. కోర్సులు ఏడాదికి రెండు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. వచ్చే నోటిఫికేషన్ వదలకు. ఇప్పట్నుంచే 2.4 కిలోమీటర్ల పరుగు మొదలెట్టు. సిమెంటు రోడ్డు మీద వద్దు, మట్టి గ్రౌండ్ వెతుక్కో. మెడికల్‌లో మోకాళ్లు కూడా చూస్తారు.