విండోస్ 10కి సపోర్టు ఆగింది: షాపులో లినక్స్ పెట్టమంటారా, అదంతా ఖాళీ ఉన్నవాళ్ల ముచ్చటా?

పేజీమేకర్ బాబాయ్:
తెనాలిలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. సిస్టమ్‌లు రెండు. కొత్తదాంట్లో విండోస్ 11 ఉంది. పాతది ఆరో తరం ఐ3, ఎస్ఎస్‌డీ వేయించాక ఇప్పటికీ గుర్రంలా పరుగెడుతోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది. 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదంటుంది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారట గానీ దానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలట. నా డబ్బుతో కొన్న సిస్టమ్ నేను వాడుకోవడానికి నేనెవరో వాళ్లకు చెప్పుకోవాలా?

మేనల్లుడు విండోస్ బదులు లినక్స్ మింట్ వేసేయమంటున్నాడు, అది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ అట. పక్క షాపాయనేమో "అది కాలేజీ పిల్లల ఆట, నీకు కూడు పెట్టదు" అంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి. పొగడ్తలు మాత్రం వద్దు.

టెర్మినల్ తాత:
వేసేయండి బాబాయ్. అకౌంట్ సంగతి చిన్నది. మీ స్క్రీన్ మీద రోజంతా ఏముంటాయో చూసుకోండి. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పొలం పాస్‌బుక్కులు. అవి మీవి కావు, ఊళ్లోవాళ్లవి. విండోస్ హోమ్, ప్రో ఎడిషన్లలో కంపెనీకి వెళ్లే డయాగ్నస్టిక్ డేటా (మన సిస్టమ్ ఎలా నడుస్తోందో చెప్పే వివరాలు) తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపే మీట లేదు. 2024 మే నెలలో రీకాల్ అని ఒకటి ప్రకటించారు గుర్తుందా? కొన్ని సెకన్లకోసారి స్క్రీన్ ఫోటో తీసి దాచిపెట్టి, తర్వాత వెతుక్కోనిస్తుంది. అందరూ గోల పెట్టాక వాయిదా వేసి, మనం ఆన్ చేస్తేనే పనిచేసేలా మార్చారు. అది కొత్తరకం మెషిన్లకే లెండి, మీ ఐ3కి రాదు. కానీ వాళ్ల ఆలోచన ఎటు పోతోందో తెలియడానికి అది చాలు.

లెడ్జర్ లక్ష్మి:
తాతగారూ, మీ ఇంట్లో సిస్టమ్‌కి ఇవన్నీ చెల్లుతాయి. నేను 30 మంది వ్యాపారస్తుల పద్దులు చూస్తాను. పద్దులు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములు నడిపించే టూల్) పెట్టి నడిపిస్తాం అనేవాళ్లు ఉన్నారు, 20వ తేదీ రాత్రి జీఎస్టీ రిటర్ను వేసేటప్పుడు అది ఆగిపోతే వాళ్లు ఫోన్ ఎత్తుతారా? డిజిటల్ సంతకం టోకెన్ పెడితే ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. ప్రయత్నించకుండా మాట్లాడట్లేదు, రెండు నెలలు వాడాను. టెన్షన్ తప్ప ఏం మిగల్లేదు.

స్వేచ్ఛ మంచిదే. దానికి పెట్టే టైము ఎవరి ఖాతాలో రాయాలి?

డల్లాస్ కుర్రోడు:
పదేళ్లుగా లినక్స్ సర్వర్లతోనే నా బతుకు. అయినా ఓపెన్ సోర్స్ (లినక్స్‌లా కోడ్ అందరికీ కనపడేలా ఉంచే సాఫ్ట్‌వేర్) అంటే కళ్లు మూసుకుని నమ్మమని మాత్రం చెప్పను. 2012లో ఉబుంటు అనే లినక్స్ 12.10 వెర్షన్‌లో మన సిస్టమ్‌లో మనం ఫైలు వెతుకుతుంటే పక్కనే అమెజాన్ సరుకులు చూపించారు. వెతికిన మాట కంపెనీ సర్వర్‌కి వెళ్లేది. జనం తిట్టిపోశాక 16.04 వెర్షన్ నాటికి మామూలుగా ఆఫ్‌లో ఉండేలా చేశారు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ కథ ఇంకా ఘోరం. ఫైళ్లను కుదించే చిన్న టూల్ అది, చాలా లినక్స్‌లలో ఉంటుంది. ఎవరో మారుపేరుతో చేరి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, దొడ్డిదారి పెట్టేశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కి అరసెకను ఎందుకు ఎక్కువ పడుతోందా అని తవ్వితే బయటపడింది. ఆయన ఉద్యోగం ఎక్కడో తెలుసా? మైక్రోసాఫ్ట్‌లో!

ఇంకోటి బాబాయ్, ఊళ్లోవాళ్లు ఆధార్ మీకు ఎలా పంపుతారు? వాట్సాప్‌లోనే కదా. ఆ ఫోటోలు మీ ఫోన్ గ్యాలరీలో ఎన్ని నెలలుగా పడున్నాయో ముందు చూడండి.

టెర్మినల్ తాత:
ఆయన ఎక్కడ పనిచేస్తేనేం తమ్ముడూ, కోడ్ అందరికీ కనపడేలా ఉండబట్టే తవ్వగలిగాడు. తలుపు మూసిన ఇంట్లో ఆ దొంగ ఎన్నాళ్లుండేవాడో! గ్యాలరీ మాట మాత్రం ఒప్పుకుంటున్నా, నాదీ అదే పరిస్థితి.

బడిపంతులు:
లక్ష్మి గారు టైము ఎవరి ఖాతాలో అన్నారు. కేరళలో దాన్ని ప్రభుత్వం తన ఖాతాలో రాసుకుంది. అక్కడి సర్కారు బడుల్లో ఐటీ పాఠం దాదాపు రెండు దశాబ్దాలుగా లినక్స్ మీదే నడుస్తోంది. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పుస్తకాలు దానికి తగ్గట్టే రాశారు, పదో తరగతి ఐటీ పరీక్షా దాని మీదే. అందుకే నిలబడింది. జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక కూడా 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్లలో సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కి మార్చింది. 2017లో కౌన్సిల్ మళ్లీ విండోస్‌కే ఓటేసింది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు, పైనున్నవాళ్లకు పట్టుదల కూడా ఉండాలి. బాబాయ్ షాపులో పైనున్నది బాబాయే కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

పేజీమేకర్ బాబాయ్:
ఆదివారం షాపు మూసి పరీక్ష పెట్టాను. పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపాం. నెట్ వచ్చింది, వాట్సాప్ వెబ్ వచ్చింది, స్కానర్ పలికింది. మేనల్లుడు కాలర్ ఎగరేశాడు.

ప్రింటర్ దగ్గర పడింది దెబ్బ. ఏళ్లనాటి లేజర్ ప్రింటర్, కంపెనీ పేరెందుకు గానీ, డ్రైవర్ ఎక్కించడానికే మధ్యాహ్నం దాటింది. చివరికి ఒక పేజీ వచ్చి ఆగింది. సరే, పీడీఎఫ్ చేసి రెండో సిస్టమ్‌లో కొట్టుకుంటాం అనుకున్నాం.

తర్వాత పాత పెళ్లికార్డు ఒకటి తెరిచాను. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, వాటి నెత్తిన యూరప్ వాళ్ల చుక్కలు, మధ్యలో డాలరు గుర్తు. పెళ్లికొడుకు పేరు స్థానంలో సగం బ్రాకెట్టు! మేనల్లుడు లినక్స్ పాడైందనుకున్నాడు. కాదురా, అది అను ఫాంటు, పాతకాలం డీటీపీ ఫాంటు. తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది తెలుగు కాదు. ఫాంటు తీసేస్తే మిగిలేది ఈ పిచ్చిగీతలే. మేం ఈ పని మొదలెట్టిన రోజుల్లో యూనికోడ్‌లో (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) తెలుగు కూర్చే దారే లేదు, అందుకని తప్పు పట్టను. ఆ ఫాంట్లు లేకపోతే అసలు మా షాపే లేదు.

కానీ అప్పుడు అర్థమైంది. నన్ను కట్టేసింది విండోస్ కంటే ఎక్కువగా నా ఫైళ్లే. వేలకొద్దీ కార్డులు, కరపత్రాలు, గుడి రసీదులు, అన్నీ అందులోనే ఉన్నాయి. కన్వర్టర్లు వాడి చూశాను, ఒత్తులు, వట్రసుడులు వచ్చిన చోటల్లా తప్పులు. "కృష్ణ" చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

లెడ్జర్ లక్ష్మి:
నేను చెప్పిందీ అదే కదండీ, వేరే దారిలో వచ్చారంతే. మరి వదిలేశారా?

పేజీమేకర్ బాబాయ్:
వదల్లేదమ్మా. ఐ3లో రెండూ పెట్టించాను. పాత ఫైలు కావాల్సి వస్తే విండోస్ 10లోకి వెళ్తాను, అప్పుడు నెట్ వైరు పీకేస్తాను. మిగతా టైమంతా మింట్. కొత్తగా వచ్చే కార్డులు యూనికోడ్‌లోనే కొడుతున్నా, స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో. ఒత్తులు సరిగ్గానే కూర్చుంటున్నాయి, కాకపోతే పెళ్లికార్డుకి కావాల్సిన వయ్యారం ఉన్న అక్షరాలు తక్కువ. రామభద్ర ఫాంటు పేర్లకు బాగుంది. మండలి ఫాంటు కిందనున్న మ్యాటర్‌కి సరిపోయింది. ఆధార్ ఫోటోలు మాత్రం రోజూ రాత్రి షట్టరు దించే ముందు చెరిపేస్తున్నా, డల్లాస్ బాబు పుణ్యమా అని.

చేతులకే ఇంకా అలవాటు కాలేదు. నాకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ రాదు, పాతికేళ్లుగా యాపిల్ లేఅవుటే.

టెర్మినల్ తాత:
యాపిల్ లేఅవుట్ లినక్స్‌లో ఉంది బాబాయ్! తెలుగు టైపింగ్‌కి పనికొచ్చే ఐబస్, ఎమ్17ఎన్ ప్యాకేజీలు వేసి, తెలుగు కింద చూడండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన, అన్నీ వరసగా కనిపిస్తాయి.

పేజీమేకర్ బాబాయ్:
ఈ ముక్క ఆదివారమే చెప్పుంటే మూడు రోజులు ఒంటివేలితో కొట్టుకునేవాణ్ని కాదు కదయ్యా! ఇప్పుడే వేస్తున్నా. ఆ ప్రింటర్ సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రెండో పేజీకి ఎందుకు మొండికేస్తోందో.